అర నూలు తేడా

నేను అబద్ధమాడని మనిషినేం కాదు. పెళ్ళి భోజనంలో అడుగంటిన పాయసాన్ని అమృతమని మెచ్చుకున్నాను. మా ఆవిడ ఉమామహేశ్వరమ్మ ఇరవై రెండేళ్ళుగా కుట్టించుకున్న రవికలన్నీ ఒకదాన్ని మించి ఒకటి బాగున్నాయని చెబుతూనే ఉన్నాను. కొలత దగ్గర మాత్రం ఇంతవరకూ అబద్ధం ఆడలేదు. ఆళ్లగడ్డలో రాతిని నమ్ముకొని బతికేవాడికి ఉన్న పరువంతా అదే. విగ్రహం చేయించుకోవడానికి వచ్చినవాళ్ళు "కరుణాకరాచారి కొలతంటే కొలతే" అంటుంటే పైకి విననట్టు ఉండి లోపల పొంగిపోయేవాణ్ణి. అలాంటివాణ్ణి, పోయిన ఎండాకాలం అదే కొలతతో నా కొడుకు నెత్తిన బండ పెట్టాను.

మా జయంత్ నంద్యాలలో ఇంజనీరింగు రెండో సంవత్సరం. రోజూ బస్సులో పోయి వస్తాడు. వాడు ఎప్పుడూ మాస్కు పెట్టుకొనే తిరుగుతున్నాడన్న సంగతి మాలో ఒక్కరికీ వింతగా తోచలేదు. రాతి దుమ్ముకు మా షెడ్డులో అందరం ముక్కుకు గుడ్డ కట్టుకొనే ఉంటాం మరి. వేరే ఇంట్లో అయితే ఏందిరా ఇది అని అడిగేవాళ్ళు. మా ఇంట్లో మాత్రం "పిల్లోనికి బుద్ధొచ్చింది, దుమ్ము పీల్చడంల్యా" అని మా అమ్మ మహానందమ్మ మురిసిపోయింది.

ఉగాది వెళ్ళిన వారానికి వాడు షెడ్డులోకి వచ్చాడు. నేను అమ్మవారి విగ్రహానికి ముఖం తీస్తున్నాను. ముక్కు మేము చివరికి ఉంచుకుంటాం. ముక్కు కొన ఎగిరిపోయిందంటే అన్నాళ్ళ పని బూడిదలో పోసినట్టే. అందుకే ఆ పని చేసేటప్పుడు నేను ఎవరితోనూ మాట్లాడను. అయినా వాడు అడిగాడు.

"నాయనా, నా ముక్కు ఎడమపక్కకు వంగింది గదా?"

"ఏం వంగలేదు, పో."

"చూడకుండానే చెప్తాండావు. కొలిచి చెప్పు."

కొలవమని అడిగినాక కొలవకుండా ఉండే జన్మ కాదు నాది. ఉలి పక్కన పెట్టి, వాడి మాస్కు తీయించి, దారానికి గుండు కట్టి నుదుటి మీదినుంచి గడ్డం దాకా వదిలాను. కంపాసు తీసుకొని ఈ కంటి మూలనుంచీ ఆ కంటి మూలనుంచీ ముక్కు కొనకు పట్టి చూశాను. అంగుళంలో ఎనిమిదో వంతును మేము నూలు అంటాం. అంతకంటే చిన్న కొలత మా పనిలో పెద్దగా అక్కరకు రాదు.

"అర నూలు," అన్నాను. "ఎడమకు. అంతే. రాతిలో అయితే నేను సరిచేసేవాణ్ణే."

జోకు వేశాననుకున్నాను. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. "థ్యాంక్స్ నాయనా," అని మాస్కు పెట్టుకొని పోయాడు. ఇరవై ఏళ్ళ కొడుకు తండ్రికి థ్యాంక్స్ చెప్పినప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

ఏప్రిల్లో పరీక్షలు. మొదటి పరీక్ష రోజు పొద్దున పోయినవాడు పదకొండుకల్లా ఇంట్లో ఉన్నాడు. హాల్లో సారు మాస్కు తీయమన్నాడట, హాల్‌టికెట్టు మీది ఫొటోతో మొహం సరిపోల్చడానికి. వీడు పేపరు బల్ల మీద పెట్టేసి లేచి వచ్చాడు. మిగతా పరీక్షలకు అసలు పోనేలేదు. జూలైలో మళ్ళీ పెడతారు, అప్పుడు రాయకపోతే ఏడాది పోతుంది. అదీ మా ఎండాకాలం మీద కూర్చున్న సంగతి.

అప్పుడుగానీ మాకు కళ్ళు తెరుచుకోలేదు. స్నానాల గదిలో ఫోను పట్టుకొని రెండేసి గంటలు ఉండేవాడు. బస్సులో ఎడమవైపు కిటికీ సీటు దొరక్కపోతే ఆ బస్సు వదిలేసేవాడు, పక్కన కూర్చున్నవాళ్ళకు ఆ చెంప కనిపించకూడదని. రోజుకు ఇరవైసార్లు అడిగేవాడు. వాళ్ళమ్మ దోసె పోస్తుంటే అడిగేవాడు, మా అమ్మ వత్తులు చేసుకుంటుంటే అడిగేవాడు. "అమ్మా, ఈపొద్దు ఎక్కువ కనిపిస్తాందా?" లేదు నాయనా అంటే కాస్త కుదుటపడేవాడు. పది నిమిషాలకు మళ్ళీ మొదటికి వచ్చేవాడు.

మా అమ్మ ఎర్రనీళ్ళు దిగదీసింది, ఎండు మిరపకాయలు పొయ్యిలో వేసింది. ఘాటుకు మేమందరం దగ్గి చచ్చాం తప్ప ముక్కు సంగతి ముక్కుదే.

నాకు నా తెలివి మీద నమ్మకమెక్కువ. ఒకనాడు అందర్నీ వసారాలో వరసగా కూర్చోబెట్టాను. మనుషులందరి మొహాలూ ఎంతో కొంత వంకరేనని వాడికి కొలిచి చూపిస్తే సరిపోతుందనుకున్నాను. మా అమ్మది ఒక నూలు, కుడికి. నాది రెండు నూళ్ళు, ఎవరూ ఇంతవరకు చెప్పలేదు. ఉమ దగ్గరికి కంపాసు తీసుకుపోతే కళ్ళెర్ర చేసింది.

"ఇరవై రెండేండ్లు కాపురం చేసినాక ఇప్పుడు కొలుస్తాండావా?"

రోడ్డుకు అవతల టీ అంగడి లాల్ సాహెబ్ కూడా వచ్చి కూర్చున్నాడు. అతనిది ఒకటిన్నర నూలు. "చూసినావా అన్నా, మీ ఇంట్లో అందరికన్నా నాదే ఎక్కువ," అని సంబరపడ్డాడు. నాది రెండని చెప్పి ఆ సంబరాన్ని పాడుచేయబుద్ధి కాలేదు. జయంత్ నవ్వాడు. నెల రోజుల తరువాత వాడి నవ్వు వింటున్నాను. గెలిచాననుకున్నాను.

మరునాడు పొద్దున కంపాసు కనిపించలేదు. వెతికి వెతికి స్నానాల గది తలుపు తడితే వాడు తీశాడు. ముక్కుకు రెండు పక్కలా కంపాసు మొనలు గుచ్చుకొని ఎర్రటి చుక్కలు.

"నిన్న అర నూలు నాయనా," అన్నాడు. "ఈపొద్దు ముక్కాలు ఉండాది."

ముప్పై ఏళ్ళుగా అన్నం పెట్టిన పనిముట్టును చూసి అసహ్యమేసింది.

ఆ సాయంత్రమే వాడు అసలు మాట బయటపెట్టాడు. హైదరాబాదులో ముక్కు కోసి సరిచేసేవాళ్ళు ఉన్నారట, ఫోనులో చూశాడట, పోతాడట. ఉమ ఒక్క క్షణం ఆలోచించి, "పోదువుగానీ. ముందు నంద్యాలలో ముక్కు డాక్టరుకు చూపిద్దాం. ఆయన కోయాలంటే కోపిచ్చుకుందువు," అంది. నాకంటే ఆమెకు తెలివి ఎక్కువని అప్పటికే తెలుసుగానీ ఆ రోజు ఒప్పుకున్నాను.

ముక్కు డాక్టరు లైటు వేసి లోపలా బయటా చూశాడు. "ముక్కు బ్రహ్మాండంగా ఉండాది. దీన్ని కోస్తే రేపు కుడికి వంగిందంటావు, ఎల్లుండి పెదవి బాగలేదంటావు. ఇట్లాంటివాళ్ళను చూసినా బాబూ. బాధ నిజమే, కోత దానికి మందు కాదు," అని చీటీ మీద ఇంకో పేరు రాసిచ్చాడు. డాక్టర్ షాహీదా, మానసిక వైద్యురాలు.

మెట్లు దిగుతూ నేను ఉమ చెవిలో గొణిగాను. "మావోడేమన్నా పిచ్చోడా, ఆడికి పోడానికి?"

ఆమె గొణగలేదు. మెట్ల మీద అందరూ వినేటట్టే చెప్పింది. "నీకు చక్కెర వచ్చినప్పుడు నోరు మూసుకోని మాత్ర మింగినావే, ఇదీ అట్లే. బిరీన నడువు."

షాహీదా మేడమ్ వాడితో ఒక్కడితోనే గంటసేపు మాట్లాడింది. తరువాత మమ్మల్ని పిలిచింది. నలభై ఏళ్ళుంటాయి, నంద్యాల మనిషే, మాట కూడా మన మాటే. వాడి అనుమతి అడిగి, వాడి ముందరే చెప్పడం మొదలుపెట్టింది.

"దీనికి పేరుంది. బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్ అంటారు. ఇది సోకు కాదు, పొగరు కాదు. మీకు కనపడని లోపమో, కనపడీ కనపడని లోపమో, వీనికి కొండంత కనపడతాది. నటన కాదమ్మా, నిజంగానే అట్ల కనపడతాది. అందుకే అద్దం చూస్తాడు, దాచుకుంటాడు, మిమ్మల్ని అడుగుతాడు. మీరు బాగుండావంటే కాసేపు హాయి. మళ్ళా దురద. గోకేకొద్దీ దురద పెరుగుతాది గదా, అట్ల."

"చచ్చిపోవాలని అనిపించిందా అని కూడా అడిగినా," అంది. "ఈ జబ్బులో అది అడగాల్సిందే. ఒకటి రెండుసార్లు అనిపించిందన్నాడు. ఇప్పుడు లేదు. మళ్ళా వస్తే మీకో నాకో చెప్తానని మాటిచ్చినాడు."

ఉమ వాడి చెయ్యి పట్టుకుంది. నాకు కుర్చీలో ఉన్నానన్న స్పృహ కూడా పోయింది. ఒక్క ఇంట్లో, ఒక్క గోడకు అటుపక్క, నా కొడుకు ఆ మాట మనసులో పెట్టుకొని పడుకున్నాడు. నేను మాత్రం అర నూలు, ముక్కాలు నూలు అని లెక్కలు కట్టుకుంటూ కూర్చున్నాను.

"మేడమ్, తప్పు నాది," అన్నాను. "నేనే కొలిచినా." జరిగిందంతా చెప్పాను, లాల్ సాహెబ్ ఒకటిన్నర నూలుతో సహా.

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. జయంత్ కూడా నవ్వాడు. "కొలిస్తే వచ్చే జబ్బు కాదన్నా ఇది. ఎందుకొచ్చిందో ఒక్క కారణం చెప్పలేం. కాకపోతే వచ్చినదానికి మీరు బాగా మేత వేసినారు," అంది.

మాత్రలు రాసింది. రోజూ వేసుకోవాలి, పనిచేయడానికి వారాలు పడుతుంది, రెండు మూడు నెలలు కూడా పట్టవచ్చు, మధ్యలో మానకూడదు అంది. వారానికొకసారి వాడు వచ్చి మాట్లాడాలి. ఇంటి పని కూడా ఉంటుంది. ఆ పనిలో మాకూ వాటా ఉంది. ముక్కు గురించి వాడు అడిగితే వంకర ఉందనీ చెప్పకూడదు, లేదనీ చెప్పకూడదు. దానికి వాడే ఒప్పుకున్నాడు. ఏం చెప్పాలో కూడా వాడే ఎంచుకున్నాడు: "ఇది నువ్వడిగే ప్రశ్న కాదు, నీ దిగులు అడిగే ప్రశ్న."

వినడానికి సులువే. ఇంటికొచ్చినాక చూడాలి మా అవస్థ. మా అమ్మకు ఆ వాక్యం నోరు తిరగలేదు. పైగా మనవడు దీనంగా అడిగితే "బంగారట్లాంటి ముక్కు నాయనా" అని నాలుక చివరిదాకా వచ్చేస్తుంది. రెండు రోజులు అనేసింది కూడా. మూడో రోజు తన పద్ధతి తనే కనిపెట్టుకుంది.

"అవ్వా, ఈపొద్దు వంకర ఎక్కువుందా?"

"బిందె నిండింది చూడు, కొళాయి కట్టెయ్ పో."

మళ్ళీ అడిగితే మేకకు నీళ్ళు పెట్టమంది. ఇంకోసారికి చింతపండు పిక్కలు తీయమంది. వారం తిరిగేసరికి మా ఇంట్లో సగం పనులు వాడే చేస్తున్నాడు. షాహీదా మేడమ్‌కు ఈ సంగతి చెబితే, అవ్వను ఒకసారి చూడాలని ఉందంది.

మేడమ్ వాడికిచ్చిన పని వేరే ఉంది. రోజుకొకసారి అద్దం ముందు నిలబడాలి, చేయిచాపు దూరంలో, ఐదే నిమిషాలు. ముక్కు దగ్గర ఆగిపోకుండా, బాగుంది బాగలేదు అనకుండా, మొహమంతా ఉన్నదున్నట్టు పైకి చెప్పుకోవాలి. మొదట్లో వాడి గొంతు వణికేది. "నల్ల జుట్టు. దట్టంగా ఉంది. కనుబొమలు రెండూ కలవలేదు. గడ్డం మీద చిన్న మచ్చ, సైకిలు మీదినుంచి పడినప్పటిది." వసారాలో కూర్చొని వినేవాణ్ణి. ఆ మచ్చ పడిన రోజు వాణ్ణి భుజాన వేసుకొని ఆసుపత్రికి పరిగెత్తింది నేనే. అలాంటి మచ్చను ఎన్నేళ్ళుగా చూడటం మానేశానో.

మే నెలలో బస్సు పాఠం వచ్చింది. కుడివైపు కూర్చోవాలి, మాస్కు లేకుండా. ఎక్కేముందు ఎంతమంది తన మొహం చూసి నవ్వుతారో నోటుబుక్కులో రాయాలి. దిగినాక నిజంగా ఏం జరిగిందో రాయాలి. తోడు నేను పోయాను, వెనక సీటులో. వాడు "పదిమంది" అని రాశాడు. చెమటకు చొక్కా వీపుకు అంటుకుపోయింది. దారిలో ఒకే ఒక మనిషి వాడి వైపు వంగాడు, రుద్రవరం నుంచి వచ్చిన ముసలాయన.

"ఏమప్పా, ఈ బస్సు ఆసుపత్రి కాడ ఆపుతాడా?"

వాడు ఆపుతాడన్నాడు. ఆయన తన మోకాళ్ళ నొప్పుల గురించి నంద్యాల వచ్చేదాకా చెప్పాడు, వాడి మొహంలోకి చూస్తూనే. దిగినాక నోటుబుక్కు చూపించాడు. "నవ్వినోళ్ళు: లేరు. మోకాళ్ళు: ఒకటి."

ఇదంతా వింటే గుర్రమెక్కి పోయినట్టు పోయామనుకోకండి. జూన్ మధ్యలో ఒక రోజు, పట్టపగలు, వాడు గదిలో దూరి గడియ పెట్టుకున్నాడు. కాలేజీ మిత్రుడెవరో పెట్టిన ఫొటోలో తన పక్క చెంప చూసుకున్నాడట. ఉమ మేడమ్‌కు ఫోను చేసింది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను.

"జయంతూ, ఆ మాట మళ్ళా వచ్చిందా? చచ్చిపోవాలని?"

"లేదు నాయనా. అది లేదు." వాడు తలుపు దగ్గరికి వచ్చిన చప్పుడైంది. "ఒక్కసారి చెప్పు నాయనా. తేడా లేదని చెప్పు. ఇదే ఆఖరు. మళ్ళా అడగను."

దేవుడి సాక్షిగా చెబుతున్నాను, ఆ రోజు అబద్ధమాడటానికి నేను సిద్ధం. ముప్పై ఏళ్ళ పరువు గంగలో కలిసినా సరే, తేడా లేదు నాయనా, ఆ రోజు నా కంపాసే చెడిపోయింది అని చెప్పేసేవాణ్ణి. నాలుక మీదే ఉంది మాట. అది చెబితే వాడు పది నిమిషాలు హాయిగా ఊపిరి పీల్చుకుంటాడు. ఆ తరువాత మళ్ళీ అడుగుతాడు. నిజం చెప్పి ఒకసారి మేత వేశాను, ఇప్పుడు అబద్ధం చెబితే అదీ మేతే.

"చెప్పను నాయనా," అన్నాను. "అది నీ దిగులు అడుగుతాండాది. నేను యాడికీ పోను, ఈడే కూచుంటా."

కూర్చున్నాను. షెడ్డులో గ్రైండరు ఆపించాను. లోపల వాడు ఏడవడం వినిపించింది, తరువాత తిట్టడం, తరువాత ఏమీ లేదు. కొడుకు ఏడుస్తుంటే తలుపు ఇవతల చేతులు ముడుచుకొని కూర్చోవడం కంటే ఒక కొండను పిండి చేయడం సులువు. గంట దాటినాక గడియ తీసిన చప్పుడైంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"ఆకలైతాంది," అన్నాడు.

ఇద్దరం చద్దన్నంలో మజ్జిగ పోసుకొని తిన్నాం. వాడు ఆ ప్రశ్న అడగలేదు. నేను ఇంకో ఉల్లిగడ్డ కోసిచ్చాను.

జూలైలో పరీక్ష. ఇద్దరం కలిసి నంద్యాల పోయాం. బస్సులో జనం కిక్కిరిసి ఉన్నారు, వాడు ఎటువైపూ కాకుండా మధ్యలో కమ్మీ పట్టుకొని నిలబడ్డాడు. మాస్కు చొక్కా జేబులో ఉంది. అది జేబులో ఉంచుకోవడం కూడా కొన్నాళ్ళకు మానాలని మేడమ్ చెప్పింది, ఈ రోజుకు మాత్రం పరవాలేదంది. కాలేజీ గేటు దగ్గర పిల్లలు గుంపుగా ఉన్నారు. ఒక్కొక్కరి మొహమూ చూసి, హాల్‌టికెట్టు చూసి లోపలికి పంపుతున్నారు. వీడు వరసలోకి పోయాడు. నేను వేపచెట్టు కింద నిలబడి వాడి వీపే చూస్తున్నాను.

వాడి ముందు ముగ్గురు ఉండగా ఆగాడు. వెనక్కి తిరిగాడు. వరస వదిలి నా దగ్గరికి వస్తున్నాడు. మొహం ఎర్రబడింది. అయిపోయింది, ఇక్కడిదాకా వచ్చి అయిపోయింది అనుకున్నాను.

"నాయనా, ఒకటి అడగాల."

మూడు నెలలుగా అలవాటైన వాక్యాన్ని నోట్లో సిద్ధం చేసుకున్నాను.

"పెన్నుందా? ఇంట్లో మర్చిపోయొచ్చినా."

జేబులు తడుముకుంటే రాతి మీద గీతలు గీసే ఎర్ర పెన్సిలు దొరికింది. దాంతో పరీక్ష రాయనివ్వరు. "ఉండు నాయనా," అని పరిగెత్తాను. యాభై ఏళ్ళ ఒంటితో, చక్కెర జబ్బుతో, నడిరోడ్డు మీద ఆటోలకు అడ్డం పడి పరిగెత్తాను. అంగట్లో నాలుగు పెన్నులు కొన్నాను. తిరిగి వచ్చేసరికి వాడు వరసలో ముందుకొచ్చేసి, పక్కనున్న పిల్లవాడితో ఏదో లెక్క గురించి వాదిస్తున్నాడు. పెన్నులు తీసుకొని, "నాలుగెందుకు నాయనా," అని విసుక్కొని, గేటులో ఉన్న సారుకు మొహం చూపించి లోపలికి పోయాడు.

అప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఆపుకోవాలని కూడా అనిపించలేదు. గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను చూసి స్టూలు జరిపాడు.

"పిల్లోడు బాగనే రాస్తాడులేప్పా. ఎందుకేడుస్తాండావు?"

"పెన్ను అడిగినాడప్పా," అన్నాను.

అతనికేమీ అర్థం కాలేదు. తన నీళ్ళ సీసా నా చేతిలో పెట్టాడు.